పాత మోనోకిల్ అని భూతద్దం అంటగడుతున్నారు, జాగ్రత్త

పాత కళ్లద్దాలు సేకరించే మిత్రులారా, ఆన్‌లైన్‌లో "విక్టోరియా కాలపు మోనోకిల్" కనబడితే డబ్బు కట్టే ముందు ఇది చదవండి. మోనోకిల్ అంటే ఒక కంటికే పెట్టుకునే అద్దం. నాకు వచ్చిన పార్సిల్‌లో ఉన్నది మోనోకిల్ కానే కాదు. గడియారాలు బాగుచేసేవారు కంటికి తగిలించుకునే భూతద్దం అది. దాని గొట్టం కోసేసి, మిగిలిన రింగుకు బంగారు రంగు పూసి, నల్లటి తాడు కట్టి పంపారు. రింగు మీది "5ఎక్స్" అనే గుర్తును ఆకురాయితో గీకేశారు. దీపం కింద ఏటవాలుగా పట్టుకుంటే ఇప్పటికీ కనబడుతోంది.

అయిదు రెట్లు పెద్దగా చూపే అద్దం కంటికి పెట్టుకుంటే సుమారు 5 సెంటీమీటర్ల దూరంలో ఉన్నదే స్పష్టంగా కనిపిస్తుంది. ఎదుటి మనిషి ముఖం అలుక్కుపోతుంది. మోనోకిల్ ఒక కంటి చూపును సరిచేసే కళ్లద్దం, ఇంత దారుణంగా ఉండదు. పైగా జతచేసిన ధ్రువపత్రంలో "1910, విక్టోరియా కాలం" అని ఉంది. విక్టోరియా రాణి 1901 జనవరిలోనే చనిపోయింది!

అసలైన మోనోకిల్ కనుబొమకూ చెంపకూ మధ్య, కంటి చుట్టూ ఉన్న కండరాల బిగువుతో నిలబడుతుంది. చాలావాటికి చట్రం వెనుక పైనా కిందా చిన్న గట్లు ఉంటాయి. వీటినే గ్యాలరీ అంటారు. రెప్పవెంట్రుకలు తగలకుండా అద్దాన్ని కాస్త ముందుకు నిలిపేవి ఇవే. చట్రం లేని రకాలకైతే పట్టు కోసం అద్దం అంచునే గరుకుగా చెక్కేవారు. అందుకే పక్కనుంచి తీసిన ఫొటో, అద్దం వ్యాసం, పవర్ ఈ మూడూ అడగండి. అడిగినా ఫొటో పంపకపోతే వదిలేయండి. పిడి పట్టుకుని చూసే క్విజింగ్ గ్లాసును కూడా ఇదే పేరుతో అమ్ముతున్నారు. అది పాతదే కావచ్చు, కానీ వస్తువు వేరు.

"పురాతన వస్తువులు వాపసు తీసుకోం" అని విక్రేత నాకు జవాబిచ్చాడు. ఆ మాట చెల్లదు. ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోనని విక్రేత అనకూడదని 2020 ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. పార్సిల్ విప్పేటప్పుడు తీసిన వీడియో ఇప్పుడు అక్కరకు వస్తోంది, మీరూ తప్పకుండా తీయండి.

అలాంటిదే ఇంకొకటి మరో ఖాతాలో అమ్మకానికి వచ్చింది. ఎర్రటి మఖమలు గుడ్డ మీద అద్దం, పక్కన మోనోకిల్ పెట్టుకున్న బ్రిటిష్ రాజకీయ నాయకుడు జోసెఫ్ చాంబర్లేన్ ఫొటో ఉంటే అదేనని గుర్తించండి. దయచేసి కొనకండి.