ఒకే ఇంటి నుంచి రెండు ఆమోన్ డ్యూల్‌లు

1960ల చివర్లో మ్యూనిక్‌లోని ఒక కమ్యూన్‌లో కలిసి బతికేవాళ్లంతా కలిసే వాయించేవాళ్లు, సంగీతం వచ్చినా రాకపోయినా. 1968లో ఎస్సెన్ సంగీతోత్సవం నాటికి వాళ్లు రెండు రాక్ బ్యాండ్‌లుగా విడిపోయారు. ఆమోన్ డ్యూల్ ఒకటి, ఆమోన్ డ్యూల్ 2 ఒకటి.

మొదటి బ్యాండ్‌కి నైపుణ్యం కన్నా అందరూ కలవడం ముఖ్యం. ఒకే జామ్ సెషన్ (ముందు ఏమీ అనుకోకుండా కలిసి వాయించడం) రికార్డింగుల నుంచి ఒకటికి మించి ఆల్బమ్‌లు తెచ్చారు. డ్రమ్స్ మోత, అరుపులు, గిటార్ రాపిడి. ఆ ఉద్దేశం మీద నాకు గౌరవమే కానీ, అరగంట వింటే అలసట వస్తుంది. 'పారడీస్‌వేర్ట్స్ డ్యూల్' ఆల్బమ్ మాత్రం వేరు, ఎంతో మెత్తగా ఉంటుంది.

రెండో బ్యాండ్ వాయించడాన్ని సీరియస్‌గా తీసుకుంది. క్రిస్ కారర్ గిటారూ వయోలినూ, జాన్ వైన్‌ట్సీర్ల్ గిటారూ, రెనాటె క్నౌప్ గొంతూ కలిస్తే చీకటి ఆకాశంలో తేలుతున్నట్టు ఉంటుంది. 1969 నాటి తొలి ఆల్బమ్‌లో రికార్డు ఒక వైపంతా ఒకే పాట, 20 నిమిషాలకు పైనే! 1970లో వచ్చిన 'యెటి' డబుల్ ఆల్బమ్. మొదటి రికార్డులో కూర్చిన పాటలు, రెండోదాంట్లో అప్పటికప్పుడు అల్లినవి. స్పేస్ రాక్, అంటే అంతరిక్షంలో తేలుతున్నట్టు అనిపించే రాక్ సంగీతం, కొత్తగా వినేవాళ్లకి నేను ఇదే ఇస్తాను. విడిపోయిన మొదటి బ్యాండ్ వాళ్లు కొందరు దీని చివరి పాటలో వచ్చి వాయించారు.