చేతికర్రకు నాలుగు స్టార్లు, దాంతో వచ్చిన గ్లౌజులకు సున్నా

మా చిన్ని ఒక ఆడ బడ్జీ, అంటే చిన్న రకం పెంపుడు చిలుక. 40 గ్రాములు కూడా తూగదు గానీ, కోపం వచ్చిందంటే వేలు పట్టుకుని వదలదు. పంజరంలో చెయ్యి పెట్టాలంటే ఇంట్లో అందరికీ టెన్షన్. అందుకే కరిచే పక్షులకు ట్రైనింగ్ కిట్ అంటూ అమ్ముతున్న ఈ సెట్ తెప్పించాను. పిట్ట ఎక్కి నిలబడేందుకు మనం చేత్తో పట్టుకునే ఒక చెక్క చేతికర్ర, దానికి వేలాడే గజ్జెల తాడు, ఒక జత మందపాటి గ్లౌజులు, ఒక సూచనల కాగితం. ఇంతే సరుకు.

ముందు గ్లౌజుల సంగతి తేల్చేస్తాను. అవి తొడుక్కుని దగ్గరికి వెళ్ళగానే చిన్ని పంజరం వెనక ఊచలకు అంటుకుపోయింది. ఉత్త చెయ్యి అంటేనే భయం దానికి, ఇంక వాచిపోయినట్టున్న ఈ చెయ్యి చూస్తే ఏమవుతుంది? అసలు ప్రమాదం అది కూడా కాదు. పక్షులకు మనలాగా ఉదరవితానం, అంటే ఊపిరితిత్తుల కింద ఉండే కండరపు పొర, ఉండదు. ఛాతీ ఎముక కదిలితేనే ఊపిరి ఆడుతుంది. మందపాటి గ్లౌజులో మన వేళ్ళు ఎంత నొక్కుతున్నాయో మనకే తెలియదు. ఇంత చిన్న పిట్టను ఛాతీ దగ్గర బిగించి పట్టుకుంటే పైకి చిన్న గాయం లేకుండానే ఊపిరి ఆగిపోగలదు. బడ్జీల కిట్‌లో వీటిని ఎందుకు పెట్టారో నాకైతే అర్థం కాలేదు. ఇప్పుడవి గులాబీ మొక్కలు కత్తిరించడానికి పనికొస్తున్నాయి.

కర్ర మాత్రం బాగుంది. చివర అడ్డకర్ర సెంటీమీటరు పైచిలుకు మందం ఉంది, బడ్జీ పాదానికి చక్కగా పట్టు దొరుకుతుంది. రంగు, వార్నిష్ ఏమీ లేవు. దాని మీద తొడిగిన గరుకు కాగితాన్ని రాగానే పీకేశాను. గోళ్ళు అరుగుతాయని పెడతారు, అరిగేది పాదం చర్మం. గజ్జెల తాడుకు పోగులు ఊడుతున్నాయి. గోరు చిక్కుకుంటే పిట్ట కంగారుగా గింజుకుని కాలు విరగ్గొట్టుకుంటుంది. అదీ తీసేశాను.

సూచనల కాగితంలో ఏముందంటే, కర్రను పొట్టకు ఆనించి నొక్కాలట, ఎక్కకపోతే ఇంకా గట్టిగా నొక్కాలట. ఆ కాగితం చించేయండి. మేము కర్ర చివర కొర్ర కంకి ముక్క క్లిప్పుతో పెట్టి, పంజరానికి కాస్త దూరంలో పట్టుకుని ఊరుకున్నాం. అది మెడ సాచిన కొద్దీ దగ్గరికి తెచ్చాం. ఈకలు ఒంటికి అదిమేసుకున్నా, వెనక్కి వాలినా, నోరు తెరిచినా కర్ర వెనక్కి తీసేశాం. కరవకముందే దాని మాట చెల్లుతుంటే ఇంక కరవాల్సిన పనేముంది? పొరపాటున కరిచినా కర్రకు నొప్పి లేదు, కేక పెట్టదు, ఎగిరిపడదు. మన వేలైతే ఆ మూడూ చేస్తుంది, కరిస్తే ఈ చెయ్యి వెనక్కి పోతుందని పిట్టకు పాఠం అయిపోతుంది.

ఇంకో మేలు నేను అనుకోనిది. బడ్జీ ఎక్కబోయే ముందు ఆ కొమ్మ గట్టిదో కాదో ముక్కుతో పట్టి చూస్తుంది. కర్ర దగ్గర అది స్పష్టంగా కనబడింది. మా అబ్బాయి "కరిచేసిందమ్మా" అని గోల పెట్టిన వాటిలో చాలావరకు ఇవే. వేలు కదపకుండా ఉంచడం వాడికి అలవాటయ్యాక, ఒక కాలు కర్ర మీద, ఒక కాలు వాడి వేలి మీద వేసి నిలబడుతోంది మహారాణి.

మరి ఒక స్టార్ ఎందుకు కోశానంటే, వారంలో కరవడం మానేస్తుందని డబ్బా మీద రాశారు. ఉత్త మాట. మధ్యలో చిన్ని ముక్కు పైనుండే మెత్తటి భాగం ముదురు గోధుమ రంగుకు తిరిగి పొలుసులు కట్టింది. ఆడ బడ్జీ గుడ్లు పెట్టే ఊపులో ఉన్నప్పుడు ఇలా అవుతుంది. అది నిద్రపోయే గుడ్డ గుడారమే గూడనుకుని కాపలా కాస్తూ కర్రనూ వదల్లేదు, మమ్మల్నీ వదల్లేదు. గుడారం తీసేసి, పెందలాడే లైట్లు ఆర్పి, రోజూ 12 గంటలు చీకట్లో ఉంచాకే చల్లబడింది. కర్ర ప్రమేయం ఏమీ లేదు. కొత్త ఈకలు పొడుచుకొచ్చేటప్పుడు కూడా తాకితే నొప్పి కాబట్టి ట్రైనింగ్ ఆపేయడమే మేలు. ఎప్పుడూ కరవని పిట్ట ఉన్నట్టుండి కరుస్తూ, ఒళ్ళు ఉబ్బించుకుని ముడుచుకు కూర్చుంటుంటే ఏ కిట్టూ కొనకండి, పక్షుల డాక్టరుకు చూపించండి.

కర్ర విడిగా దొరికితే అదొక్కటే తీసుకోండి. అడ్డకర్ర మర వాడే కొద్దీ వదులవుతోంది, పిట్ట ఎక్కేముందు ఒకసారి బిగించుకోండి. కాలు పెట్టగానే అది గిర్రున తిరిగిందంటే కథ మళ్ళీ మొదటికొస్తుంది.