రెండు మోకాళ్ళూ మార్పించుకున్నాను: ఎడమకి తొమ్మిది మార్కులు, కుడికి ఆరే

కుడి మోకాలు 2018 నవంబరులో మార్పించుకున్నాను, ఎడమది 2021 డిసెంబరులో. డాక్టరు ఒకరే, ఆసుపత్రి ఒకటే, లోపల పెట్టింది కూడా ఒకే కంపెనీ సరుకు. అయినా ఎడమ కాలికి పదికి తొమ్మిది వేస్తాను, కుడికి ఆరు. ఆ తేడా ఎక్కడొచ్చిందో చెబుదామనే ఇది రాస్తున్నా, ఎందుకంటే ఆపరేషన్‌కి వెళ్ళేవాళ్ళు నన్ను అడిగేది డాక్టరెవరు, ఎంతయింది, ఈ రెండే.

రాజమండ్రిలో మాది కర్రీ పాయింట్. ఇరవై ఏళ్ళకు పైగా పొయ్యి దగ్గర నిలబడే బతుకు. 2015 గోదావరి పుష్కరాలప్పుడు ఘాట్ మెట్లు దిగుతుంటే మోకాలు మొదటిసారి కలుక్కుమంది. అక్కడి నుంచి మూడేళ్ళు మాత్రలు, బెల్టులు, ఆముదం కాపడాలు, మోకాల్లోకి ఇంజెక్షన్లు, ఎవరు ఏది చెబితే అది. చివరికి రెండూ దొడ్డికాళ్ళయిపోయాయి. నడిస్తే నొప్పి అన్నన్నాళ్ళూ లాగించాను గానీ, పడుకున్నా నిద్ర పట్టనివ్వకపోయేసరికి సరే కోసెయ్యండి అన్నాను. షుగర్ ఎక్కువుందని డాక్టరుగారు రెండు నెలలు ఆపారు, అది తగ్గకుండా చేస్తే ఇన్ఫెక్షన్ భయమట. అప్పుడు విసుక్కున్నాను, ఇప్పుడు దండం పెడతాను.

మనం చిప్పల ఆపరేషన్ అంటాం కానీ నాకు చిప్ప తీసి కొత్తది పెట్టలేదు. తొడ ఎముక చివర, కాలి ఎముక పైభాగం అరిగినంత మేర చెక్కి, పన్నుకి క్యాప్ వేసినట్టు లోహపు తొడుగులు వేసి, మధ్యలో గట్టి ప్లాస్టిక్ పలక పెడతారు. గుజ్జు అయిపోయింది అంటారే, ఆ గుజ్జు చేసే పని ఇక ఈ పలకదన్నమాట. ఎక్స్‌రేలో ప్లాస్టిక్ కనిపించదు కదా, మధ్యలో ఖాళీ చూసి మా ఆయన ఏదో మర్చిపోయారనుకుని కంగారుపడ్డారు.

ఖర్చు సంగతి గబగబా చెప్పేస్తా. 2017 ఆగస్టులో కేంద్రం ఈ సామాను ధరలకి కళ్ళెం వేసింది. అప్పట్లో మామూలు కోబాల్ట్ క్రోమియం లోహంది 54,720 రూపాయలు, టైటానియం రకం 76,600, జీఎస్టీ అదనం. అంతకుముందు మామూలుదే లక్షన్నర పైన ఉండేది. అంటే బిల్లులో మిగతాదంతా గది, థియేటర్, మందులు, డాక్టర్ల ఫీజులు. నాకు ఒక్కో కాలికి అన్నీ కలిపి రెండు లక్షలు దాటింది. కౌంటర్ దగ్గర ఒకాయన ‘గోల్డ్ మోకాలు వేయించుకోండమ్మా’ అని తెగ చెప్పాడు. ఆ బంగారు రంగు టైటానియం నైట్రైడ్ పూత, బంగారం కాదు. లోహం పడని వాళ్ళకి అది అవసరమేమో, నాకు పడుతుందని డాక్టరుగారే మామూలుది పెట్టారు.

ఇక అసలు విషయం. కుడి కాలు చేసిన మర్నాడే వాకర్‌తో నడిపించారు, మత్తు పూర్తిగా దిగలేదేమో, ‘ఇంతేనా’ అనిపించింది. ఆ ధీమాతోనే ఇంటికొచ్చాను. ఆసుపత్రిలో ఫిజియో అబ్బాయి మూడు రోజులు చేయించాడు, డిశ్చార్జి కాగితంలో మాత్రం ‘ఫిజియోథెరపీ కొనసాగించాలి’ అని ఒకే ఒక ముక్క. ఏం చెయ్యాలి, ఎన్నిసార్లు చెయ్యాలి, ఎవరు వస్తారు, ఏమీ లేదు. దీనికి మాత్రం ఆ ఆసుపత్రిని ఇప్పటికీ తిట్టుకుంటాను. మా తోడికోడలు ప్రేమకొద్దీ మోకాలి కింద మెత్తటి దిండు పెట్టేది, కాలు కాస్త వంగి ఉంటే హాయిగానే ఉండేది మరి. మూడో వారం నుంచి రాత్రుళ్ళు నరకం, ఎందుకు చేయించుకున్నానురా దేవుడా అని ఏడ్చిన రాత్రులున్నాయి. నొప్పి మాత్రలకి మలబద్ధకం ఒకటి. నొప్పి పుడుతుంటే వ్యాయామం మానేసి, తగ్గాక చేద్దాంలే అనుకున్నాను. తగ్గాక చేయడానికి ఏమీ మిగల్లేదు, లోపల గట్టిపడిపోయింది. వంగడం తొంభై డిగ్రీల దగ్గర ఆగిపోయింది, అంతకన్నా పెద్ద నష్టం, కాలు పూర్తిగా చాపుకోవడం రాలేదు. ఇప్పటికీ వెల్లకిలా పడుకుంటే కుడి మోకాలి కింద నుంచి అరచెయ్యి దూరిపోతుంది. ఎడమ మోకాలి కింద వేలు కూడా పట్టదు.

ఎడమ కాలికి వెళ్ళేముందే ఇంటికొచ్చే ఫిజియోని మాట్లాడి పెట్టుకున్నాం, ఆరు వారాలకి. ఆ అమ్మాయి వచ్చీ రాగానే మోకాలి కింద దిండు లాగేసి మడమ కింద పెట్టింది. మోకాలు గాల్లో వేలాడుతూ తనంతట తాను కిందికి సాగాలి, రోజుకి ఐదారుసార్లు, పది నిమిషాలేసి. ప్రాణం పోయేది. వంగడానికైతే కుర్చీలో కూర్చుని, కాలి కింద పాత నైలాన్ చీర ముక్క వేసుకుని, పాదాన్ని వెనక్కి జార్చడం. మా ఆయన రోజూ రాత్రి కాలివేళ్ళు ఎక్కడ ఆగాయో అక్కడ ముగ్గుపిండితో గీత గీసేవారు. ఒక్కో రోజు గీత అరంగుళం వెనక్కి జరిగేది, ఒక్కో రోజు నిన్నటి గీతక్కూడా అందేది కాదు, వాపు ఎక్కువైతే అంతే, ఐస్ పెట్టుకుని మర్నాడు మళ్ళీ. వ్యాయామానికి అరగంట ముందు నొప్పి మాత్ర వేసుకోమని ఆ అమ్మాయే చెప్పింది, డాక్టరుగారిని అడిగితే ఆయనా సరేనన్నారు. కుడి కాలప్పుడు ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. మూడు నెలలకి నూట ఇరవై వంగింది. మెట్ల దగ్గర కూడా ఒక సూత్రం నేర్పింది: ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు.

భయపడక్కర్లేనివి కొన్ని ఉన్నాయి. కోత పక్కన బయటివైపు చర్మం మొద్దుబారి ఉంటుంది, నాకు ఇప్పటికీ అక్కడ దోమ కుట్టినా తెలీదు. నడుస్తుంటే టక్ టక్‌మని చిన్న చప్పుడు. ఆరేడు నెలలు మోకాలు ముట్టుకుంటే వెచ్చగా ఉండేది. జ్వరంతో పాటు కోత దగ్గర ఎర్రబడి కారినా, పిక్క గట్టిపడి నొప్పి పుట్టినా మాత్రం ఇంట్లో ఆముదం రాసుకుంటూ కూర్చోకండి, వెంటనే పరిగెత్తాలి. పిక్కలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకి చేరితే ప్రాణం మీదికి వస్తుంది.

కొత్త మోకాలితో వదులుకున్నవీ ఉన్నాయి. కత్తిపీట అటక ఎక్కింది, కూరలు టేబుల్ మీద చాకుతోనే. ఇంట్లో కమోడ్ పెట్టించాం. అన్నవరంలో వ్రతానికి వెళ్తే అందరూ చాప మీద, నేను వెనకాల ప్లాస్టిక్ కుర్చీలో, మొదటిసారి చిన్నతనంగా అనిపించింది. పక్కకి చూస్తే అలాంటి కుర్చీలు ఇంకో నాలుగున్నాయి.

కొట్లో ఇప్పుడు నాలుగైదు గంటలు నిలబడగలను, మధ్యలో ఒక్కసారి కూర్చుంటే చాలు. సాయంత్రానికి అలిసేది కుడి కాలే. ఇప్పుడేమైనా చెయ్యొచ్చా అని ఆ ఫిజియో అమ్మాయిని అడిగాను. ఇన్నేళ్ళయ్యాక పెద్దగా మారదండీ, ఉన్నది తగ్గకుండా చూసుకోండి అంది. రాత్రి సీరియల్ వస్తున్నంతసేపూ కుడి మడమ కింద దిండు పెట్టుకుని కూర్చుంటాను.