కెమికల్ సీటుకి డబ్బు కట్టేముందు ఆ ‘యావరేజ్ ప్యాకేజీ’ ఎవరిదో అడగండి

రెండేళ్ల కిందట మా అబ్బాయిని మేనేజ్‌మెంట్ కోటాలో కెమికల్ ఇంజినీరింగ్‌లో చేర్చాను. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. రెండు దింపుల కొబ్బరి డబ్బుకి కొంత అప్పు కలిపి మొదటి ఏడాది ఫీజు కట్టాను. ఇప్పుడు కౌన్సెలింగ్‌కి వెళ్తున్నవాళ్లు నాలా మోసపోకూడదని రాస్తున్నాను.

మూడు కాలేజీలు పోల్చాను గానీ, చూసింది ఒక్క అంకె: యావరేజ్ ప్యాకేజీ, అంటే పిల్లలకి కంపెనీలు ఏడాదికి ఇస్తామనే మొత్తంలో సగటు. రెండు చోట్ల 4 లక్షల చిల్లర. మేం చేరినచోట 8 లక్షల పైనే. తాటిపాకలో రిఫైనరీ, కాకినాడలో ఎరువుల ఫ్యాక్టరీలు ఉండగా ఉద్యోగాలకేం కొదవ అనుకున్నాను.

చేరిన నెలకి సీనియర్లు చెప్పారు. ఆ 8 లక్షలు అన్ని బ్రాంచిలకీ కలిపి వేసిన లెక్కట. ఉద్యోగం రాని పిల్లలు అందులో లేనే లేరు. కెమికల్‌లో ఉద్యోగం వచ్చిన కొద్దిమందిలోనూ ఎక్కువమంది వెళ్లింది సాఫ్ట్‌వేర్‌కి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సగటు ఎలా మభ్యపెడుతుందో చూడండి. ఐదుగురికి 3, 3, 3.5, 4, 30 లక్షలు వస్తే సగటు 8.7 లక్షలు. వరసలో మధ్యనున్న పిల్లాడికి వచ్చేది మూడున్నరే. దాన్నే మీడియన్ అంటారు, మీరు అడగాల్సింది అదే. పైగా ప్యాకేజీ అంటే చేతికొచ్చే జీతం కాదు. పీఎఫ్, గ్రాట్యుటీ, బోనస్ అన్నీ కలిపి చెబుతారు.

ఎన్‌ఐఆర్‌ఎఫ్ (కేంద్ర విద్యాశాఖ ఏటా ఇచ్చే) ర్యాంకులకి కాలేజీలు ఇచ్చిన వివరాలు ఆన్‌లైన్‌లో ఉంటాయి. ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మీడియన్ జీతమెంత అన్నవి అందులో దొరుకుతాయి. బ్రోషర్ పక్కన పెట్టి అవి చూడండి. కాకపోతే అవీ బ్రాంచి వారీగా ఉండవు. అందుకే కెమికల్‌లో చదివింది ఎంతమంది, ఉద్యోగం వచ్చింది ఎంతమందికి, ఏ కంపెనీల్లో అని కాగితం మీద రాసిమ్మనండి. మాటదాటేస్తే ఆ కాలేజీ వదిలేయండి. ప్రభుత్వ చమురు సంస్థల పేర్లు చెబితే పొంగిపోకండి, అవి గేట్ (ఎంటెక్ సీట్లకి, కొన్ని ప్రభుత్వ సంస్థల ఉద్యోగాలకి ఇంజినీర్లు రాసే జాతీయ పరీక్ష) స్కోరుతోనో సొంత పరీక్షతోనో తీసుకుంటాయి. మావాడు ఇప్పుడు గేట్‌కే చదువుతున్నాడు.

నిజానికి ఆ మొదటి నెలలోనే మానిపించేద్దామనుకున్నాను. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ ఆఫీసులో ఉండిపోయాయి, తిరిగి ఇచ్చేది లేదన్నారు. అలా అట్టిపెట్టుకోకూడదని యూజీసీ (యూనివర్సిటీల్ని పర్యవేక్షించే కేంద్ర సంస్థ) 2018లోనే చెప్పిందని నాకు తర్వాత తెలిసింది. మీరు మాత్రం ఒరిజినల్స్ చూపించి, జిరాక్సులే ఇచ్చి రండి.