ఇంట్లో వాడే మూత్ర పరీక్ష స్ట్రిప్పులు: రంగు మారితే ఇన్‌ఫెక్షన్ ఉన్నట్టేనా?

మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉందేమో ఇంట్లోనే చూసుకోవడానికి దొరికే స్ట్రిప్పులను వయసు పైబడిన మా అమ్మగారి కోసం కొంతకాలంగా వాడుతున్నాను. స్ట్రిప్పు తన పని సరిగానే చేస్తుంది కానీ, దానితో వచ్చిన సూచనల కాగితం మాత్రం ప్రమాదకరంగా ఉంది.

వాడడం సులువే. స్ట్రిప్పును మూత్రంలో ముంచి తీసి, అంచును గిన్నెకు తాకించి అదనపు తడిని వదిలించి, సీసా మీది రంగుల పట్టిక పక్కన పెట్టి చూడాలి. మూత్రంలో కొన్ని రకాల బ్యాక్టీరియా తయారుచేసే నైట్రైట్ అనే పదార్థం ఉంటే దాని గడి నిమిషానికి గులాబీ రంగులోకి, తెల్ల రక్తకణాలు ఉంటే వాటి గడి రెండు నిమిషాలకు ఊదా రంగులోకి మారుతాయి. లేత గులాబీని దీపపు వెలుగులో పోల్చుకోవడం కష్టం కాబట్టి పగటి వెలుతురులో చూడడమే మేలు. మూత గట్టిగా బిగించకపోతే గాలి తగిలి గడులు పాడై, లేని నైట్రైట్‌ను కూడా చూపించవచ్చు.

అసలు అభ్యంతరం ఇక్కడుంది. రంగు మారితే ఇన్‌ఫెక్షన్ ఉన్నట్టేనని ఆ కాగితం తేల్చేస్తుంది. ఒక ఉదయం అమ్మగారి స్ట్రిప్పు స్పష్టంగా గులాబీ రంగుకు తిరిగింది. ఆవిడకు మంట లేదు, జ్వరం లేదు, పొత్తికడుపులో నొప్పీ లేదు. డాక్టరుగారు ఆ లక్షణాల గురించే అడిగి, ఏవీ లేవని తెలుసుకుని యాంటీబయాటిక్ రాయలేదు. అదే సరైన వైద్యం. మిల్లీలీటరు మూత్రంలో 1,00,000కు పైగా బ్యాక్టీరియా పెరిగినా ఏ బాధా లేకుండా ఉండడం వృద్ధుల్లో చాలా మామూలు. వృద్ధాశ్రమాల్లో ఉండే స్త్రీలలో ఇది 25 నుంచి 50 శాతం దాకా కనిపిస్తుంది. ఎక్కువ కాలం కాథెటర్ (మూత్రం బయటికి వచ్చేలా పెట్టే గొట్టం) ఉన్నవారిలోనైతే దాదాపు అందరికీ ఉంటుంది. అటువంటివారికి మందు ఇచ్చినా బ్యాక్టీరియా మళ్లీ చేరుతుంది. పైగా మందుకు లొంగని రకాలు మిగులుతాయి, విరేచనాలు పట్టుకుంటాయి. అమెరికా అంటువ్యాధుల నిపుణుల సంఘం 2019 మార్గదర్శకాలు కూడా బాధలేమీ లేని వృద్ధులకు, మధుమేహం ఉన్నవారికి ఈ పరీక్షే వద్దంటున్నాయి. వృద్ధులు అకస్మాత్తుగా తికమకపడినప్పుడు చాలామంది ముందుగా మూత్రాన్నే అనుమానిస్తారు. జ్వరం, మంట వంటివి లేనప్పుడు ఒంట్లో నీరు తగ్గిందా, మలబద్ధకం ఉందా, కొత్త మందు ఏదైనా మొదలైందా అని కూడా చూడాలి.

గర్భిణుల విషయం పూర్తిగా వేరు. వారిలో బాధ లేకపోయినా ఈ బ్యాక్టీరియాకు వైద్యం చేయాలి, లేకపోతే అది మూత్రపిండాలకు పాకే ప్రమాదం ఎక్కువ. అందుకు స్ట్రిప్పు చాలదు, తొలి నెలల్లోనే మూత్రం కల్చర్ (ల్యాబ్‌లో బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్ష) చేయించాలి. మూత్రమార్గంలో రక్తస్రావం అయ్యే శస్త్రచికిత్సలకు ముందు కూడా ఇదే నియమం. ఈ రెండు మినహాయింపుల గురించి కాగితంలో ఒక్క మాటా లేదు.

రంగు మారకపోయినా నిశ్చింత పడడానికి లేదు. మూత్రం మూత్రాశయంలో నాలుగు గంటలైనా నిలవకపోయినా, విటమిన్ సి ఎక్కువగా తీసుకున్నా, నైట్రైట్ తయారుచేయని ఎంటరోకాకస్ వంటి బ్యాక్టీరియా ఉన్నా నైట్రైట్ గడి మారకపోవచ్చు.

మంటతో మూత్రం వస్తున్న ఆరోగ్యవంతురాలైన యువతికి ఈ స్ట్రిప్పు ఉపయోగపడుతుంది. అమ్మగారి వయసువారికి కొనమని నేను చెప్పను. చలిజ్వరం, నడుము పక్క నొప్పి, వాంతులు ఉంటే స్ట్రిప్పు ఏ రంగులో ఉన్నా అదే రోజు డాక్టరుకు చూపించాలి.