లాటినో వలసలపై డాక్యుమెంటరీలు: ముందు ఏది చూడాలి, ఏది చూపించాలి?

అమెరికాకు వలస వచ్చిన లాటినోల (లాటిన్ అమెరికా మూలాలవాళ్ల) మీద డాక్యుమెంటరీ అనగానే గూడ్సు బండి పైన కూర్చున్న కుర్రాళ్లు, ఎడారి, ఇనుప గోడ కళ్ల ముందు మెదులుతాయి. ఆ దృశ్యాల్లో అబద్ధం లేదు. కానీ వాటితోనే మొదలుపెట్టిన ప్రేక్షకుడు అయ్యో పాపం అనుకుని లేచి వెళ్లిపోతాడు. వీళ్లు ఇల్లు వదిలి ఎందుకు బయల్దేరారు, చేరిన ఊళ్లో పక్కింటివాళ్లు వీళ్లను ఎలా చూశారు అన్న రెండు ప్రశ్నలూ అతని మనసులోకి రావు. అందుకే దారి చూపే సినిమాను మధ్యలో ఉంచి, కారణం చెప్పేదాన్ని ముందు, ఊరిని చూపేదాన్ని చివర చూడమని మా సలహా. ఫిల్మ్ క్లబ్బు నడిపేవాళ్లకు, పాఠం చెప్పేవాళ్లకు, అమెరికాలో ఎదిగిన పిల్లలతో కలిసి చూడాలనుకునే తల్లిదండ్రులకు పనికొచ్చేలా ఒక్కో జతనూ పోల్చి చూద్దాం.

కారణం: ఆరు గంటలా, గంటన్నరా?

'లాటినో అమెరికన్స్' 2013 సెప్టెంబరులో అమెరికా ప్రజా టీవీ సంస్థ పీబీఎస్‌లో వచ్చింది. గంట చొప్పున ఆరు భాగాలు. నటుడు బెంజమిన్ బ్రాట్ వ్యాఖ్యానం చెప్పాడు. కథ 1565లో మొదలై 2000 దాకా నడుస్తుంది. ఈ సిరీస్ బలమంతా మొదటి భాగంలో ఉంది. 1848 గ్వాదలూపె ఇదాల్గో ఒప్పందంతో మెక్సికో తన భూభాగంలో దాదాపు సగాన్ని పోగొట్టుకుంది. అక్కడి మెక్సికన్లు ఉన్నచోటే ఉండి పరాయి దేశస్థులయ్యారు. లాటినోలంటే నిన్న మొన్న గోడ దూకి వచ్చినవాళ్లు అనుకునే ప్రేక్షకుడికి ఈ ఒక్క గంట చాలు. తర్వాతి భాగాల్లో పేరు తెచ్చుకున్నవాళ్ల ముఖాలు, విజయగాథలు ఎక్కువ. చివరి భాగం రెండు దశాబ్దాలను గబగబా దాటించేస్తుంది. మధ్య అమెరికావాళ్లకు దక్కాల్సినంత చోటు దక్కలేదు.

'హార్వెస్ట్ ఆఫ్ ఎంపైర్' 2012 నాటిది, గంటన్నర నిడివి. పాత్రికేయుడు హువాన్ గొన్సాలెస్ రాసిన పుస్తకం దీనికి ఆధారం. వాదన ఒక్కటే: అమెరికా ఏ దేశంలో సైన్యంతో, పెట్టుబడితో వేలు పెట్టిందో ఆ దేశం నుంచే జనం అమెరికాకు వచ్చారు. 1898లో ప్యూర్టోరికో అమెరికా చేతికి వచ్చింది, 1917లో అక్కడివాళ్లకు పౌరసత్వం దక్కింది. గ్వాటెమాలాలో ఎన్నికైన అధ్యక్షుడు హకోబో ఆర్బెన్స్‌ను 1954లో సీఐఏ అండతో దించేశారు. 1965లో డొమినికన్ రిపబ్లిక్‌లో అమెరికా సైన్యం దిగింది. ఎల్ సాల్వడార్‌లో ఆర్చిబిషప్ ఆస్కార్ రొమేరోను 1980 మార్చి 24న ప్రార్థన జరిపిస్తుండగా కాల్చి చంపారు. ఆ తర్వాతి అంతర్యుద్ధమంతా అక్కడి ప్రభుత్వానికి అమెరికా సైనిక సాయం అందుతూనే ఉంది.

ఒక్క సాయంత్రమే చేతిలో ఉంటే 'హార్వెస్ట్ ఆఫ్ ఎంపైర్' మేలు. లోపం తెలిసే చూపించాలి: దేశానికి కొద్ది నిమిషాల చొప్పున పంచడం వల్ల స్థానిక పాలకుల దోపిడీ, భూస్వాముల పాత్ర పలచబడ్డాయి. "అయితే తప్పంతా అమెరికాదేనా?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. దానికి జవాబు సినిమాలో దొరకదు, చర్చ నడిపేవారే సిద్ధం చేసుకోవాలి. సెమిస్టర్ అంతా ఉంటే 'లాటినో అమెరికన్స్'లో ఒకటి, నాలుగు, అయిదు భాగాలు తీసుకోండి. నాలుగోది ప్యూర్టోరికో, క్యూబా, డొమినికన్ రిపబ్లిక్‌ల నుంచి వచ్చినవాళ్ల గురించి, అయిదోది మెక్సికన్ అమెరికన్ల హక్కుల కోసం సాగిన చికానో ఉద్యమం గురించి.

ఏది ఎంచుకున్నా, చూపించేవాళ్లు ముందుగా నోటితో చెప్పాల్సిన సంగతి ఒకటుంది. 1942 నుంచి 1964 దాకా బ్రసేరో పథకం కింద మెక్సికన్ కూలీలను అమెరికాయే ఒప్పందాల మీద పిలిపించుకుంది. మొత్తం దాదాపు 46 లక్షల ఒప్పందాలు. ఒకే మనిషి చాలాసార్లు వచ్చి వెళ్లినవీ ఇందులో ఉన్నాయి. పథకం ఆగిపోయింది. 1965 వలస చట్టం పశ్చిమార్ధగోళం నుంచి వచ్చేవారికి తొలిసారి సంఖ్యాపరమైన పరిమితి పెట్టింది. పొలాలకు కూలీల అవసరం మాత్రం అలాగే ఉంది. నిన్నటిదాకా కాగితం పట్టుకుని వచ్చిన అదే ఊరి కూలీ, అదే పొలానికి కాగితం లేకుండా రావాల్సి వచ్చింది. ఈ ముక్క తెలియకపోతే తర్వాత చూసే ఏ సినిమా అయినా సగమే అర్థమవుతుంది.

దారి: రైలు మీది పిల్లలా, ఎడారిలోని శవమా?

రెబెకా కామిసా తీసిన 'విచ్ వే హోమ్' (2009) ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. పెద్దవాళ్ల తోడు లేకుండా మెక్సికో మీదుగా ఉత్తరానికి వెళ్లే పిల్లలతో పాటు కెమెరా కూడా గూడ్సు బండి ఎక్కుతుంది. వాళ్లలో తొమ్మిదేళ్లవాళ్లూ ఉన్నారు. 'లా బెస్తియా', అంటే మృగం, అని పిలిచే బండ్లివి. 2005 అక్టోబరులో స్టాన్ తుపాను గ్వాటెమాలా సరిహద్దు దగ్గరి పట్టాలను పాడుచేశాక, బండి అందుకోవడానికి జనం దక్షిణ మెక్సికోలోని అర్రియాగా దాకా దాదాపు 250 కిలోమీటర్లు రావాల్సి వచ్చింది. చెక్‌పోస్టులను తప్పించుకుంటూ కాలినడకన వచ్చేవాళ్లే ఎక్కువ. దోపిడీ, అత్యాచారం ఆ నడకలోనే ఎక్కువ. బండి మీద ప్రమాదాలు వేరు: నిద్ర తూగితే చక్రాల కింద పడతారు.

ఈ సినిమాలో పిల్లలు పిల్లల్లాగే మాట్లాడతారు. గొప్పలు పోతారు, పోట్లాడుకుంటారు, అమ్మ మాట రాగానే ముఖం తిప్పుకుంటారు. ఎక్కడా జాలి కోసం వాళ్లను ఆడించలేదు. అయితే అమెరికా సరిహద్దు విధానం ఎందుకు ఇలా ఉందో ఇది చెప్పదు. ఆకలితో ఉన్న పిల్లవాడి పక్కన కెమెరా పట్టుకున్న పెద్దమనిషి ఏం చేయాలి అన్న ప్రశ్న కూడా చూసేవాళ్లను వెంటాడుతుంది. దాన్ని దాటేయకుండా చర్చకు పెట్టాలి.

మార్క్ సిల్వర్ తీసిన 'హూ ఈజ్ దయాని క్రిస్టల్?' (2013) చివరి నుంచి మొదలవుతుంది. 2010 ఆగస్టులో అరిజోనా సొనోరా ఎడారిలో ఒక శవం. ఛాతీ మీద 'దయాని క్రిస్టల్' అని పచ్చబొట్టు. పేరు లేదు, చిరునామా లేదు. ఆ మనిషెవరో తేల్చే పనిని సినిమా అడుగడుగునా అనుసరిస్తుంది. టూసాన్‌లోని పీమా కౌంటీ (జిల్లా లాంటిది) శవపరీక్షలు చేసే మెడికల్ ఎగ్జామినర్ ఆఫీసు, కాన్సులేట్, హోండురాస్‌లోని ఇల్లు, ఇవి ఒక పాయ. నటుడు గాయెల్ గార్సియా బెర్నాల్ అదే దారిన చేసే ప్రయాణం రెండో పాయ. అమెరికాలోని సండాన్స్ చిత్రోత్సవంలో దీని ఛాయాగ్రహణానికి బహుమతి వచ్చింది.

ఈ రెండింటిలో మా ఓటు దీనికే, బెర్నాల్ పాయ బలహీనమని ఒప్పుకుంటూనే. కావాలనుకున్న క్షణంలో విమానమెక్కి ఇంటికెళ్లగల తార వలస కూలీలా నడవడం కొంత ఇబ్బంది పెడుతుంది. కానీ ఎడారి మరణాలకు కారణమేమిటో ఆలోచించేలా చేసే సినిమా ఇదే. 1993లో ఎల్ పాసోలో, 1994లో శాన్ డియాగోలో ఊళ్ల దగ్గరి సరిహద్దు దారులను గస్తీతో మూసేశారు. మిగిలిన దారి ఎడారే కాబట్టి భయపడి ఎవరూ రారని అధికారుల లెక్క. జనం వచ్చారు, ఎండకు చనిపోయారు. శవం త్వరగా ఎండిపోవడంతో ముఖం గుర్తుపట్టడం కష్టం. పచ్చబొట్టు, వేలిముద్రలు, పళ్ళు, బట్టల్లో దాచుకున్న ఫోన్ నంబరు, వీటి మీదే ఆధారపడాలి. దొంగ పేరుతో ప్రయాణించినవాడి జేబులో దొరికిన గుర్తింపు కార్డు దర్యాప్తును తప్పుదారి పట్టిస్తుంది.

జగిత్యాల, నిజామాబాద్ పల్లెల్లో గల్ఫ్ నుంచి శవపేటిక కోసం వారాల తరబడి ఎదురుచూసిన ఇళ్లకు ఇందులోని హోండురాస్ భాగాన్ని ఎవరూ వివరించక్కర్లేదు. అప్పు చేసి పంపడం, కబురు ఆగిపోవడం, కాగితాల కోసం తిరగడం అన్నీ వాళ్లకు తెలిసినవే. మృతదేహాలు తెర మీద కనిపిస్తాయి కనుక చిన్నపిల్లలకు మాత్రం వద్దు. హైస్కూలు పిల్లలకైతే 'విచ్ వే హోమ్' నయం.

రెండింటినీ ఒకే రోజు చూపించకండి. రెండో సినిమా వచ్చేసరికి ప్రేక్షకులు అలిసిపోయి ఉంటారు, బాధ మొద్దుబారిపోతుంది.

చేరాక: ఊరు, జైలు, పోలీసు

ఈ మొత్తంలో ఒక్కటే చూడగలిగితే ఏది అని అడిగితే మా జవాబు 'ఫార్మింగ్‌విల్' (2004). కార్లోస్ సాందొవల్, కేథరిన్ టాంబీనీ తీశారు. ఆ ఏడాది సండాన్స్‌లో ప్రత్యేక జ్యూరీ బహుమతి పొందింది. నిడివి 78 నిమిషాలు.

ఫార్మింగ్‌విల్ న్యూయార్క్ లాంగ్ ఐలాండ్‌లో ఉన్న మధ్యతరగతి ఊరు. 1990ల చివర్లో ఇళ్ల నిర్మాణం, తోటపని పుంజుకుని, కాంట్రాక్టర్లకు చవక కూలీలు కావాల్సి వచ్చారు. వందల మంది మెక్సికన్లు వచ్చారు. పొద్దున్నే రోడ్డు మూల మీద అడ్డా. ఒకే ఇంట్లో కిక్కిరిసి కాపురం. ఇరుగుపొరుగు గొణుగుడు మీటింగులుగా, మీటింగులు ప్రదర్శనలుగా మారాయి. 2000 సెప్టెంబరులో పని ఇస్తామని ఇద్దరు కూలీలను బండి ఎక్కించుకుపోయి చావగొట్టారు. దర్శకులు ఆ ఊళ్లోనే దాదాపు ఏడాది ఉండి అన్ని పక్షాల ఇళ్లకూ వెళ్లారు.

దీని గొప్పతనం ఏమిటంటే వలసను వ్యతిరేకించేవాళ్లను రాక్షసుల్లా చూపించలేదు. వాళ్ల వంటింట్లో కూర్చుని, "మా వీధి మారిపోయింది" అన్న మాటను పూర్తిగా విన్నది. ఆ భయం ఎక్కడ న్యాయమైన ఫిర్యాదుగా ఉందో, ఎక్కడ ద్వేషంగా మారిందో, ఆ మలుపులో వలసలు తగ్గించాలనే జాతీయ సంస్థ బయటి నుంచి వచ్చి ఏం చేసిందో మన కళ్లతోనే చూస్తాం. అడ్డాకు ఒక షెడ్డు కట్టాలన్న ప్రతిపాదన కౌంటీ శాసనసభలో నెగ్గింది, కౌంటీ పాలనాధిపతి (ఎగ్జిక్యూటివ్) వీటో చేశాడు. రోడ్డు మీద గుంపు వద్దన్నది ఊరివాళ్ల ఫిర్యాదు. గుంపును రోడ్డు మీంచి తీసే ఆ షెడ్డును వ్యతిరేకించిందీ ఆ ఫిర్యాదు చేసినవాళ్లే. ఈ వైరుధ్యం మీద గంటసేపు చర్చ నడపొచ్చు. లోటు: కూలీల గొంతు ఊరివాళ్ల గొంతు కన్నా తక్కువ వినిపిస్తుంది. కాగితాలు లేని మనిషికి కెమెరా ముందు కూర్చోవడమే ప్రమాదం కదా.

ఆ ప్రమాదాన్నే ఆయుధంగా మార్చుకున్నవాళ్ల కథ 'ది ఇన్‌ఫిల్ట్రేటర్స్' (2019), దర్శకులు క్రిస్టినా ఇబారా, అలెక్స్ రివెరా. 2012లో కాగితాలు లేని కొందరు యువతీ యువకులు ఫ్లోరిడాలోని బ్రోవార్డ్ నిర్బంధ కేంద్రంలోకి కావాలనే పట్టుబడి వెళ్లారు. లోపలివాళ్ల కేసుల వివరాలు సేకరించి బయటికి చేరవేయడం, బయట ఫోన్లు, సంతకాలతో ఒత్తిడి తేవడం పథకం. లోపల కెమెరాకు అనుమతి లేదు కాబట్టి ఆ సన్నివేశాలను నటులతో తీశారు, బయటివి అసలు దృశ్యాలు. కథ బిగువుగా పరుగెత్తుతుంది, కుర్రాళ్లు కళ్లార్పకుండా చూస్తారు. చిక్కల్లా ఏది అసలు, ఏది నటన అన్నది మొదటి పావుగంటలో చాలామందికి తేలదు. ముందే ఒక మాట చెప్పండి. సినిమా విడుదలైన ఏడాదే అందులో కథ చెప్పిన ఒక తండ్రిని నిర్బంధించి అర్జెంటీనాకు పంపేశారు. ఆ సంగతిని సినిమా అయ్యాక చెప్పండి.

నెట్‌ఫ్లిక్స్‌లో 2020లో వచ్చిన ఆరు భాగాల 'ఇమిగ్రేషన్ నేషన్' అవతలి వైపు నిలబడింది. వలస పోలీసుల వెంట తిరిగి, ఒకరి కోసం వెళ్లి పక్కనున్న మరొకరిని పట్టుకొచ్చే పద్ధతిని దగ్గర్నుంచి చూపింది. వ్యవస్థ ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి ఇంతకన్నా వివరమైనది లేదు. కానీ తలుపు తట్టిన క్షణంలో బిత్తరపోయిన ముఖాలను చిత్రించడానికి ఆ మనుషులు ఏ స్థితిలో ఒప్పుకుని ఉంటారన్న సందేహం వదలదు. మొదటి భాగం చూపిస్తే చాలు.

వీటన్నిటికీ కలిపి ఒక కొరత ఉంది. ఇవి ప్రధానంగా మెక్సికో, మధ్య అమెరికాల కథలు. 2023లో అయిదు లక్షలకు పైగా జనం దాటిన, కొలంబియా-పనామా మధ్యనున్న దరియెన్ అడవి, వాళ్లలో ఎక్కువమందైన వెనెజువెలావాసులు ఇందులో లేరు. క్యూబా కోసమైతే 2002 నాటి 'బల్సెరోస్' వెతకండి. 1994లో తెప్పల మీద బయల్దేరినవాళ్లను కొన్నేళ్ల తర్వాత మళ్లీ అమెరికాలో కలుస్తుంది.

ప్రదర్శనలో జరిగే పొరపాట్లు

ఎక్కువ చెడేది సబ్‌టైటిళ్ల దగ్గరే. మాటలు చాలావరకు స్పానిష్‌లో, కింద ఇంగ్లిష్ అక్షరాలు. బల్లచదును హాల్లో తెర కింది అంచు ముందు వరుస తలలకన్నా పైన లేకపోతే వెనకవాళ్లకు కింది పంక్తి కనిపించదు. ముందురోజే చివరి కుర్చీలో కూర్చుని చదివి చూడండి. తెలుగులో పక్కన నిలబడి అనువాదం చెప్పే ప్రయత్నం వద్దు, అసలు గొంతులు మునిగిపోతాయి. దానికి బదులు అరపేజీ తెలుగు కాగితం ఇవ్వండి: ఒక పటం, నాలుగు తేదీలు, ఎవరెవరు మాట్లాడతారో. మరీ అవసరమైతే సినిమాను రెండు చోట్ల ఆపి అయిదేసి నిమిషాలు చెప్పండి. యూట్యూబ్ తనంతట తాను తయారుచేసే అక్షరాలను నమ్మొద్దు, ఊళ్ల పేర్లనూ యాసనూ తప్పుగా రాస్తాయి.

హక్కుల విషయం. ఇంట్లో చూడ్డానికి కొన్న డీవీడీ, నెలవారీ చందా, ఈ రెండూ బహిరంగ ప్రదర్శనకు అనుమతి కావు. భారత కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం విద్యాసంస్థ కార్యక్రమంలో సిబ్బంది, విద్యార్థులు, తల్లిదండ్రులు, సంస్థతో సంబంధం ఉన్నవాళ్లే ప్రేక్షకులైతే మినహాయింపు ఉంది. బయటివాళ్లను పిలిచే ఫిల్మ్ క్లబ్బుకు అది వర్తించదు. పంపిణీదారుకు రాసేటప్పుడు తేదీ, హాలు, ఎంతమంది వస్తారు, టికెట్ ఉందా లేదా అన్న నాలుగు వివరాలు మొదటి లేఖలోనే పెట్టండి. ఇవి లేకపోతే అవే అడుగుతూ తిరుగు జవాబు వస్తుంది. ఈ ఉత్తరాలకే వారాలు పడతాయి కాబట్టి తేదీ ప్రకటించకముందే రాయండి.