గుట్టల ఫొటోలకు వైడా, టెలీయా? ఎండాకాలం ట్రెక్‌కి ఏ లెన్స్ మేలు?

ఎండాకాలం సెలవులు దగ్గరపడ్డాయంటే చాలు, హనుమకొండలో కొత్తగా కెమెరా పట్టిన పిల్లలు అడిగేది ఒకటే: "అన్నా, ట్రెక్‌కు పోతున్నం. కిట్ లెన్స్ ఉంది. ఇంకొకటి కొనాలంటే వైడ్ కొనమంటవా, టెలీ కొనమంటవా?" కిట్ లెన్స్ అంటే కెమెరాతో పాటే వచ్చేది, వైడ్ అంటే వెడల్పుగా ఎక్కువ దృశ్యాన్ని పట్టే లెన్స్, టెలీ అంటే దూరపుదాన్ని దగ్గరికి తెచ్చే లెన్స్. కొండలు పెద్దవి కదా, పెద్దదంతా ఫ్రేములో పట్టాలంటే వైడే కావాలి అని సగం మంది ముందే డిసైడై వస్తారు. నేను మాత్రం టెలీ అంటాను. వైడ్ పని చాలావరకు జేబులో ఉన్న ఫోన్ చేసేస్తుంది. వైడ్‌దే పైచేయి అయ్యే చోట్లు కూడా ఉన్నాయి, అవీ చెప్తాను.

ముందు ఒక చిన్న లెక్క. 100 మీటర్ల ఎత్తున్న గుట్టను కిలోమీటరు దూరం నుంచి తీస్తున్నారనుకోండి. మన దగ్గర ఎక్కువమంది వాడే క్రాప్ సెన్సర్ (ఫొటో పడే చిప్ కాస్త చిన్నది) కెమెరాలో సెన్సర్ ఎత్తు దాదాపు 15 మిల్లీమీటర్లు. లెన్స్ మీద ఉండే ఎంఎం అంకె పెరిగేకొద్దీ దూరపుది పెద్దగా కనిపిస్తుంది. 10 ఎంఎం వైడ్ పెడితే ఆ గుట్ట సెన్సర్ మీద ఒక్క మిల్లీమీటరు ఎత్తున పడుతుంది, అంటే ఫొటోలో పదిహేనో వంతు. మిగిలిందంతా తెల్లటి ఆకాశం, దున్ని వదిలేసిన చెలక, ఒక కరెంటు తీగ. అక్కడే నిలబడి 100 ఎంఎం పెట్టండి, గుట్ట 10 మిల్లీమీటర్లు అవుతుంది, మూడింట రెండొంతుల ఫ్రేము గుట్టదే. కళ్లతో చూసినప్పుడు "అబ్బ" అనిపించిన గుట్ట ఫొటోలో బొడిపెలా కనిపించడానికి కారణం ఇదే, మీ చేయి వాటం కాదు.

మన ఉత్తర తెలంగాణ గుట్టలకు ఇది ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. రేగొండ దగ్గర పాండవుల గుట్ట, ధర్మసాగర్ వైపు ఇనుపరాతి గుట్టలు, పెద్దపల్లి జిల్లాలో రామగిరి ఖిల్లా, ఇవేవీ ఎత్తుతో భయపెట్టేవి కావు. వీటి అందమంతా బండ ఆకారంలో, పగుళ్లలో, పొరల్లో ఉంది. పాండవుల గుట్టనే తీసుకోండి. వరంగల్ కోటలోనో పద్మాక్షి గుట్ట మీదో కనిపించే నున్నటి గ్రానైట్ కాదది, ఇసుకరాయి. ఒక పొర మీద ఇంకో పొర పేర్చినట్టు, కింద గాలికీ వానకూ తిని లోపలికి పోయి, పైన గొడుగులా ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. పొద్దున ఎండ పక్కనుంచి తగిలినప్పుడు ప్రతి పొర కిందా సన్నటి నీడ గీత పడుతుంది, రాయి ఎర్రబారుతుంది. ఆ వెలుగు ఎక్కువసేపు ఉండదు. ఆ కాసేపట్లో 150, 200 ఎంఎంలో ఒక్క బండనే పట్టుకుంటే వచ్చే ఫొటో, మొత్తం గుట్టను వైడ్‌లో కుక్కితే రాదు. పైగా ఎండాకాలం టేకు చెట్లు ఆకు రాల్చి ఉంటాయి కాబట్టి బండలు బాగా బయటపడతాయి. వానలు పడి అడవి పచ్చబడితే సగం రాయి ఆకుల వెనక్కి పోతుంది. గుట్టలకు వానాకాలమే అందం అనే మాట నేను ఒప్పుకోను. పచ్చదనానికి వానాకాలం, రాయికి ఎండాకాలం.

అదే పాండవుల గుట్టలో రాతి చిత్రాలున్న బండల కిందికి వెళ్లారా, టెలీ సంచిలో పెట్టేయండి. వెనక్కి జరగడానికి చోటుండదు, ఆదిమానవులు ఎర్ర రంగుతో వేసిన బొమ్మలూ, వాటి మీదికి వంగిన రాయీ, బయట కనిపించే అడవీ ఒకే ఫ్రేములోకి రావాలంటే వైడ్ తప్పదు. ఇక్కడ వైడ్‌కే నా ఓటు. ఫ్లాష్ వేయకండి, బొమ్మలను తాకకండి, స్పష్టంగా కనబడాలని వాటి మీద నీళ్లు చల్లడం అసలే వద్దు.

ఇక టెలీ లోపాలు. ఎండాకాలం మన దగ్గర దాని అసలు శత్రువు వేడిగాలి. తొమ్మిది దాటితే బండలు కాగి, వాటి మీది గాలి అల్లాడుతుంటుంది, 300 ఎంఎంలో తీసిన దూరపు గుట్ట అంచు నీళ్లలో చూసినట్టు వస్తుంది. ఫోకస్ తప్పిందనుకుని పదిసార్లు తీస్తారు గానీ ఎంత ఖరీదైన లెన్స్ పెట్టినా అది పోదు. దూరం పెరిగేకొద్దీ దుమ్ము, మసక కూడా ఎక్కువ, అడవిలో ఎక్కడైనా మంట అంటుకుంటే పొగ సరేసరి. లెన్స్ ముందు తగిలించే పోలరైజర్ ఫిల్టర్ మసకను కొంత తగ్గిస్తుంది, సూర్యుడు మీకు పక్కన ఉన్నప్పుడే బాగా పనిచేస్తుంది. వైడ్‌కి అదే ఫిల్టర్ పెడితే ఆకాశంలో ఒకచోట ముదురు నీలం, ఇంకోచోట లేత నీలం మచ్చలుగా పడతాయి.

వెలుగు సంగతి కూడా ఇక్కడే. వరంగల్ 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, కాబట్టి మే రెండో వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తిన ఉంటాడు, నిలువుగా పాతిన కర్రకు నీడ పడదు. అలాంటి వెలుగులో ఏ లెన్స్ పెట్టినా బండ చదునుగా, పాలిపోయి వస్తుంది. సూర్యోదయం 5:40 ప్రాంతంలో, అప్పటికే మీరు అనుకున్న చోట నిలబడి ఉండాలి. ఎనిమిదిన్నరకల్లా దిగిపోవడం కెమెరాకూ మంచిది, మీకూ మంచిది. 44, 45 డిగ్రీల ఎండలో ఫొటోల కోసం గుట్ట మీద ఉండటం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

వైడ్‌కి బదులు ఫోన్ అని ఎందుకంటున్నానంటే, ఫోన్ మెయిన్ కెమెరానే దాదాపు 24 ఎంఎం, ఫుల్ ఫ్రేమ్ (క్రాప్ కన్నా పెద్ద సెన్సర్) లెక్కలో. అల్ట్రావైడ్ అయితే 13, 14కి దిగుతుంది. వైడ్ ఫొటో ఎక్కువగా పగటి వెలుగులోనే తీస్తాం, అక్కడ ఫోన్ క్వాలిటీకి వంక పెట్టాల్సిన పనిలేదు. అన్నిటికన్నా ముఖ్యం, గుట్ట మీద గాలిలో లెన్స్ మార్చే పని తప్పుతుంది. దుమ్ము సెన్సర్ మీద కూర్చుందంటే ఆకాశంలో నల్ల చుక్కలు, ప్రతి ఫొటోలో అవే చుక్కలు. కెమెరాకు టెలీ తగిలించి అలాగే ఉంచండి, వైడ్‌కి ఫోన్ తీయండి. ఒక్క జాగ్రత్త, ఎండలో ఫోన్ వేడెక్కి స్క్రీన్ మసకబారుతుంది, ఒక్కోసారి కెమెరా యాప్ మూసేస్తుంది. వాడనప్పుడు సంచిలో బట్ట చుట్టి పెట్టుకోండి.

"అవి మన గుట్టలకన్నా, నేను హిమాలయాలకు పోతున్న" అంటారా? కాజీపేటలో ఢిల్లీ రైలెక్కి మే, జూన్‌లో ఉత్తరాఖండ్ ట్రెక్‌లకు పోయేవాళ్లు మన దగ్గర బాగానే ఉన్నారు. అక్కడా లెక్క మారదు. ఉత్తరాఖండ్‌లోని చంద్రశిల శిఖరం మీద నిలబడితే ఎదురుగా చౌఖంబా మంచు శిఖరం, ఎత్తు 7138 మీటర్లు. మీరున్న చోటుకన్నా 3 కిలోమీటర్లకు పైగా ఎత్తు, కానీ దాదాపు 30 కిలోమీటర్ల దూరం. అంటే కిలోమీటరు దూరంలో ఉన్న మన 100 మీటర్ల గుట్టకూ దానికీ ఫొటోలో ఇంచుమించు ఒకటే సైజు! వైడ్‌లో చౌఖంబా కూడా తెల్ల గీతే. తెల్లవారుజామున శిఖరం మీద మొదటి ఎండ పడేది చిన్న ముక్క మీద, ఆ ముక్కను పట్టేది టెలీనే. మధ్యాహ్నానికి మబ్బులు కమ్ముతాయి కాబట్టి ఇక్కడా పొద్దున్నే పని. మంచు ఎక్కువున్న ఫ్రేములో కెమెరా దాన్ని బూడిద రంగుగా మార్చేస్తుంది, ఎక్స్‌పోజర్ ఒక స్టాప్, అంటే వెలుగు రెట్టింపు, పెంచుకోండి. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, స్పేర్‌ది లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకోండి.

అయితే మీరు రాత్రి చుక్కలు, పాలపుంత తీయాలనే పోతుంటే నా మాట పక్కన పెట్టి వెలుగు ఎక్కువ తీసుకునే వైడ్ లెన్సే కొనండి, ఎఫ్ 2.8 గానీ అంతకన్నా తక్కువది గానీ (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్స్‌లోకి వెలుగు ఎక్కువ వస్తుంది). ఆ పని టెలీతో కాదు, ఫోన్‌తో అంతంతమాత్రం. ట్రైపాడ్ కూడా మోయాలి.

మిగతా అందరికీ 55-250 లేదా 70-300, క్రాప్ కెమెరాలకు వచ్చే తేలిక రకం, బరువు 400 గ్రాములకు అటూఇటూ. స్టెబిలైజేషన్ (చేయి వణుకును సరిచేసే ఏర్పాటు) ఉన్నదే తీసుకోండి, ఎందుకంటే ఎక్కి ఆయాసపడుతున్నప్పుడు చేతులు వణుకుతాయి. ఎఫ్ 8, ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) తక్కువ, షట్టర్ వేగం మాత్రం 300 ఎంఎం దగ్గర సెకనులో 1/500 వంతు కన్నా తగ్గనివ్వకండి. డబ్బులు సరిపోకపోతే ఈ ఏడాది ఏదీ కొనకుండా కిట్ లెన్స్‌నే 55 ఎంఎం దగ్గర వాడండి, గుట్టకు ఇంకాస్త దగ్గరికి నడవండి. కిలోమీటరు అరకిలోమీటరైతే గుట్ట సైజు ఫొటోలో రెట్టింపవుతుంది, 55తో 110 ఎంఎం ఫలితం వచ్చేసినట్టే.